పిల్లల పేరు చెప్పి ఓట్లు అడిగారు

మీ ప్రశ్న – మా జవాబు

2008లో స్వలింగ వివాహాన్ని రద్దు చేస్తూ కాలిఫోర్నియా రాజ్యాంగంలో చేర్చిన ప్రపోజిషన్ 8 (ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదనను అక్కడ ప్రపోజిషన్ అంటారు) వాక్యాన్ని 2024 నవంబరులో అక్కడి ఓటర్లే తీసేశారని గత సంచికలో రాశాం. దానిపై వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరిగాయి. మతసంస్థలు ఏం చేశాయి? జనాన్ని ఎలా భయపెట్టారు? వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేం 2015లో ఇక్కడికి వచ్చాం. ప్రపోజిషన్ 8 ఓడిపోతుందని అందరూ అనుకుంటే చివరికి గెలిచిందని పాతవాళ్లు చెబుతుంటారు. అంత తక్కువ సమయంలో జనం మనసు ఎలా మారింది?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: కాస్త వెనక నుంచి మొదలుపెట్టాలి. 2000 మార్చిలో ప్రపోజిషన్ 22 పేరుతో ‘స్త్రీ పురుషుల మధ్య జరిగిందే పెళ్లి’ అని ఓటర్లు 61 శాతం మద్దతుతో ఒక చట్టం చేసుకున్నారు. 2008 మే 15న రాష్ట్ర సుప్రీంకోర్టు 4–3 తేడాతో దాన్ని కొట్టేసింది. జూన్ 16 సాయంత్రం నుంచి స్వలింగ జంటల పెళ్లిళ్లు మొదలయ్యాయి. నవంబరు ఎన్నిక నాటికి దాదాపు 18,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి.

మామూలు చట్టాన్ని కోర్టు కొట్టేయగలదు కాబట్టి ఈసారి అదే వాక్యాన్ని రాజ్యాంగంలోనే పెట్టాలని వ్యతిరేకులు బయల్దేరారు. అదే ప్రపోజిషన్ 8. సవరణ మొత్తం ఒక్క వాక్యం. అందులో బడి లేదు, చర్చి లేదు, పన్ను లేదు, పిల్లలు లేరు. ప్రచారం మాత్రం ఈ నాలుగిటి మీదే నడిచింది.

సెప్టెంబరులో ఫీల్డ్ పోల్ సర్వే చేస్తే సవరణ వద్దన్నవారు 55 శాతం, కావాలన్నవారు 38 శాతం. నవంబరు 4న లెక్క తిరగబడి 52.2 శాతంతో గెలిచింది. అదే రోజు అదే రాష్ట్రంలో ఒబామాకు 61 శాతం ఓట్లు పడ్డాయి. అంటే ఇది ఒక పార్టీ గాలి కాదు. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన ప్రచార వ్యూహకర్త డేవిడ్ ఫ్లైషర్ రోజువారీ సర్వేల గణాంకాలు తవ్వి 2010లో ఒక నివేదిక రాశారు. చివరి ఆరు వారాల్లో దాదాపు 6,87,000 మంది మనసు మార్చుకుని సవరణ వైపు వెళ్లారనీ, వారిలో సుమారు 5,00,000 మంది ఇంట్లో 18 ఏళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులేననీ ఆయన లెక్కగట్టారు. వాళ్లను కదిలించింది పెళ్లి గురించిన సిద్ధాంత చర్చ కాదు, పిల్లల గురించి పెట్టిన భయం.

బ్యాలెట్ గజిబిజి కూడా ఉంది. స్వలింగ వివాహం కావాలనుకునేవాళ్లు ‘నో’ అని, వద్దనుకునేవాళ్లు ‘యెస్’ అని వేయాలి. అప్పటి అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ బ్యాలెట్ శీర్షికను ‘స్వలింగ జంటల వివాహ హక్కును తొలగిస్తుంది’ అని మార్చారు. దాని మీద సవరణ మద్దతుదార్లు కోర్టుకెళ్లి ఓడిపోయారు.

ప్రశ్న: పన్ను మినహాయింపు అనుభవించే మతసంస్థలు ఓటింగ్ ప్రచారంలోకి దిగడం అక్కడ చట్టం ఒప్పుకుంటుందా? మార్మన్ చర్చి ఎంత ఖర్చు పెట్టింది?
– గుంటూరు

జవాబు: ఒప్పుకుంటుంది, హద్దులతో. 1954 నాటి జాన్సన్ సవరణ ప్రకారం పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు. ప్రపోజిషన్ అంటే అభ్యర్థి కాదు, శాసనం కింద లెక్క. సంస్థ మొత్తం పనిలో అది పెద్ద భాగం కాకుండా చూసుకుంటే చాలు. భారీ మతసంస్థకు ఇది సులువైన నియమం. దాని మొత్తం బడ్జెట్ పక్కన ఎంత ఖర్చయినా చిన్నదిగానే కనిపిస్తుంది.

మార్మన్ చర్చి అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ, దాని కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. అది సంస్థగా చూపిన ఖర్చు దాదాపు 1,90,000 డాలర్లే. ఉద్యోగుల సమయం, ప్రయాణాలు వగైరా. అందులో సుమారు 37,000 డాలర్ల లెక్క గడువులోగా చూపలేదని 2010లో రాష్ట్ర ఎన్నికల నిధుల కమిషన్ 5,539 డాలర్ల జరిమానా వేసింది. ఈ అంకెల దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది. చర్చి ఇచ్చింది డబ్బు కాదు, మనుషుల్ని.

2008 జూన్ 29 ఆదివారం కాలిఫోర్నియాలోని మార్మన్ సంఘాలన్నిటిలో సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చిన ఉత్తరం చదివారు. సవరణ నెగ్గడానికి సభ్యులు తమ డబ్బునూ సమయాన్నీ ఇచ్చి చేయగలిగినంతా చేయాలని దాని సారాంశం. మార్మన్లను కలుపుకొచ్చినవారు ఒక క్యాథలిక్. శాన్ ఫ్రాన్సిస్కో ఆర్చ్‌బిషప్ జార్జ్ నీడరౌర్ అంతకుముందు సాల్ట్ లేక్ సిటీలోనే బిషప్‌గా ఉన్నారు, ఆ పరిచయంతో సాయం అడుగుతూ ఉత్తరం రాశారు. క్యాథలిక్ సోదర సంస్థ నైట్స్ ఆఫ్ కొలంబస్ పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఎవాంజెలికల్ (సువార్తిక ప్రొటెస్టెంటు) పాస్టర్లను శాన్ డియాగో ప్రాంతపు పాస్టర్ జిమ్ గార్లో కూడగట్టారు. నలభై రోజుల ఉపవాసం ప్రకటించి, ఓటింగుకు ముందు నవంబరు 1న శాన్ డియాగోలోని క్వాల్‌కామ్ స్టేడియంలో రోజంతా ప్రార్థనా సభ పెట్టారు.

కాలిఫోర్నియా జనాభాలో మార్మన్లు రెండు శాతం కూడా ఉండరు. అయినా మొదటి దశలో ఇంటింటికీ తిరిగినవారిలో 80–90 శాతం మార్మన్లేననీ, దాదాపు నాలుగు కోట్ల డాలర్ల విరాళాల్లో సగం దాకా వాళ్లవేననీ ఎన్నిక ముగిశాక ప్రచార నిర్వాహకులే అంచనా చెప్పారు. మార్మన్ స్థానిక సంఘాన్ని వార్డు అంటారు. ప్రతి కుటుంబం పేరు, ఫోను అందులో ఉంటాయి. ఆదివారం ఒక మాట చెబితే శనివారానికి మనుషులు వీధిలో ఉంటారు. పిన్ కోడ్‌కు ఒక బాధ్యుణ్ని పెట్టి, ఓటర్ల జాబితాలు చేతికిచ్చి పంపారు. రాజకీయ పార్టీలు కోట్లు పోసినా ఇంత క్రమశిక్షణ రాదు. తిరిగేవాళ్లకు ఇచ్చిన కాగితాల్లో ఒక సూచన ఉంది: స్వలింగ సంపర్కం గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. అది పాపమని వాదిస్తే ఓట్లు రావని వాళ్లకు తెలుసు.

ప్రశ్న: ‘బడిలో మగపిల్లాడు మగపిల్లాణ్ని పెళ్లి చేసుకోవచ్చని నేర్పుతారు’ అన్న టీవీ ప్రకటన గురించి విన్నాను. అది పచ్చి అబద్ధమా, కొంత నిజమా?
– ఒక టీచరు, కరీంనగర్

జవాబు: ఒక నిజాన్ని తీసుకుని, దానికి సంబంధం లేని చోట అతికించారు. అందుకే అంత బాగా పనిచేసింది.

ప్రకటన నిడివి అర నిమిషం. జడలేసుకున్న చిన్నపాప బడి నుంచి వచ్చి తల్లికి ఒక బొమ్మల పుస్తకం చూపిస్తుంది. ఒక రాకుమారుడు ఇంకో రాకుమారుణ్ని పెళ్లాడాడని ఇవాళ బడిలో నేర్చుకున్నాననీ, తను కూడా రాకుమారిని పెళ్లి చేసుకోవచ్చనీ సంబరంగా చెబుతుంది. తల్లి ముఖం మారిపోతుంది. వెంటనే ఒక లా ప్రొఫెసర్ తెరమీదికొచ్చి, మసాచుసెట్స్‌లో ఇది ఇప్పటికే జరిగిందనీ, అభ్యంతరం చెప్పే హక్కు తల్లిదండ్రులకు లేదని కోర్టులు తేల్చాయనీ చెబుతారు. ఎక్కడా ద్వేషపు మాట లేదు. చూసే తల్లి మనసులో మిగిలేది ఒక్కటే: రేపు మా పాప ఇలా వస్తే?

ఇందులో నిజమెంతో చూద్దాం. మసాచుసెట్స్‌లో 2004 మే 17 నుంచి స్వలింగ వివాహం చెల్లుతోంది. అక్కడి లెక్సింగ్టన్ ఊళ్లో రెండో తరగతిలో టీచరు అలాంటి కథ చదివిన మాట నిజం. ముందే చెప్పి, వద్దంటే మా పిల్లల్ని పక్కన పెట్టాలని ఇద్దరు దంపతులు వేసిన కేసును 2008 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు తోసిపుచ్చిన మాటా నిజం.

కాలిఫోర్నియాకు వచ్చేసరికి లంకె తెగిపోతుంది. ప్రపోజిషన్ 8 ఒక్క పాఠ్యాంశాన్నీ తాకదు. లైంగిక ఆరోగ్య పాఠాల నుంచి పిల్లల్ని తప్పించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరే హక్కు అక్కడి విద్యాచట్టంలో అప్పటికే ఉంది. ఓటర్ల సమాచార పుస్తకంలో ముద్రించాల్సిన వాదనలో సవరణ మద్దతుదార్లు ఇదే సంగతిని ఖాయంగా జరిగేదానిలా రాశారు. ఆగస్టులో శాక్రమెంటో కోర్టు అది తప్పుదోవ పట్టించేదని దిద్దించింది. దాంతో అధికారిక పుస్తకంలో ‘నేర్పాల్సి రావచ్చు’ అని అచ్చయింది. కోర్టు దిద్దుబాటు పుస్తకం దాకానే. అక్టోబరులో టీవీకి ఆ సంకోచం లేదు.

అదే అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటో తరగతి పిల్లలు తమ టీచరమ్మ పెళ్లికి సిటీ హాలుకు వెళ్లారు. టీచరు ఇంకో స్త్రీని పెళ్లి చేసుకున్నారు. తల్లిదండ్రుల అనుమతితోనే వెళ్లారు, ఇష్టం లేనివాళ్లు పంపలేదు. అంటే తప్పించుకునే హక్కు పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం. టీవీలో మాత్రం ఆ పిల్లల ముఖాలే భయానికి సాక్ష్యమయ్యాయి.

బడిలో ఏం చదవాలన్నదీ, పెళ్లికి ఎవరు అర్హులన్నదీ రెండు వేరు వ్యవహారాలని ఇప్పుడు ఇంకా తేటగా కనిపిస్తోంది. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ కేసులో, అలాంటి కథల పుస్తకాలు చదివే వేళ మతపరమైన అభ్యంతరం ఉన్న తల్లిదండ్రులు పిల్లల్ని తప్పించుకోవచ్చని 6–3తో వారి పక్షాన నిలిచింది. తల్లిదండ్రులు కోరింది దక్కింది, ఒక్క జంట పెళ్లీ రద్దు కాలేదు. బడి గురించి నిజంగా దిగులున్న తల్లిదండ్రులకు ఆ దారి 2008లోనూ ఉంది. విద్యాచట్టాన్ని బలపరచమని అడిగితే సరిపోయేది.

2010 ఆగస్టు 4న ఫెడరల్ జడ్జి వాన్ వాకర్ ప్రపోజిషన్ 8ను కొట్టేస్తూ (రాజ్యాంగంలో ఆ వాక్యం మాత్రం 2024 దాకా రాతగా మిగిలింది), స్వలింగ వివాహం గురించి తెలిస్తే పిల్లలు స్వలింగ సంపర్కులవుతారన్న భయం మీదే ప్రచారం ఆధారపడిందని తన నిర్ధారణల్లో రాశారు. అలా అవుతారనడానికి విచారణలో ఎవరూ రుజువు తేలేకపోయారు.

ప్రశ్న: మా బంధువుల దగ్గర అప్పటి కరపత్రం ఒకటి ఉంది. ప్రపోజిషన్ 8 ఓడితే ఆరు అనర్థాలు జరుగుతాయని అందులో ఉంది. చర్చిలకు పన్ను మినహాయింపు పోతుందని, దత్తత సంస్థలు మూతపడతాయని, పాస్టర్ల మీద కేసులు పెడతారని. పదిహేనేళ్లు దాటింది కదా, వీటిలో ఏవి జరిగాయి?
– శాన్ హోసే

జవాబు: ఆ కరపత్రం మాకు తెలుసు. ఇలాంటి కాగితాన్ని చదివే పద్ధతి నేర్చుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

పన్ను మినహాయింపు సంగతి న్యూజెర్సీ నుంచి పుట్టింది. ఓషన్ గ్రోవ్‌లో మెథడిస్టు సంఘానికి సముద్రం ఒడ్డున ఒక మండపం ఉంది. అది ప్రజలందరికీ తెరిచి ఉంచుతామన్న షరతు మీద ప్రభుత్వ పథకం కింద పన్ను రాయితీ తీసుకున్నారు. 2007లో ఒక స్వలింగ జంట తమ వేడుకకు అడిగితే ఇవ్వలేదు. షరతు తప్పారని ఆ ఒక్క మండపానికి రాయితీ తీసేశారు. చర్చి భవనాలకు, సంఘానికి ఏమీ కాలేదు. ఇంకో సంగతి, అప్పుడు న్యూజెర్సీలో స్వలింగ వివాహమే లేదు, సివిల్ యూనియన్ (పెళ్లి అన్న పేరు లేకుండా జంటకు ఇచ్చే చట్టపరమైన గుర్తింపు) మాత్రమే ఉంది. కాబట్టి వివాహ చట్టాన్ని ఆపితే ఇది ఆగేది కాదు.

దత్తత సంస్థ సంగతిలో నిజం పాలు ఎక్కువ. బోస్టన్‌లో క్యాథలిక్ చారిటీస్ 2006లో దత్తత సేవలు ఆపేసింది. స్వలింగ జంటలకు పిల్లల్ని ఇవ్వబోమంటే రాష్ట్ర లైసెన్సు నిలవని పరిస్థితి వచ్చింది. ఆ సంస్థకూ, అక్కడి పిల్లలకూ అది నష్టమేనని ఒప్పుకోవాలి. కానీ అడ్డొచ్చింది లైసెన్సు తీసుకున్న సంస్థ వివక్ష చూపకూడదన్న నియమం. వివాహ చట్టం కాదు.

పాస్టర్ల మీద కేసులన్నది మాత్రం ఏ ఆధారమూ లేని భయం. ప్రసంగ వేదిక మీద ఏం బోధించాలో, ఎవరికి పెళ్లి చేయాలో సంఘమే నిర్ణయించుకునే స్వేచ్ఛ అక్కడి రాజ్యాంగ మొదటి సవరణలోనే ఉంది. విడాకులు తీసుకున్నవారికి మళ్లీ పెళ్లి చేయని క్యాథలిక్ ఫాదర్ మీద ఏ కేసూ నిలవదు కదా, ఇదీ అంతే. 2015 జూన్ 26న దేశమంతటా స్వలింగ వివాహం వచ్చాక కూడా ఏ పాస్టరునూ బలవంతపెట్టి పెళ్లి చేయించలేదు. 2022 డిసెంబరులో వచ్చిన వివాహ గౌరవ చట్టంలో, మతసంస్థలు ఇష్టం లేని పెళ్లికి సేవలు అందించనక్కర్లేదని సూటిగా రాశారు. ఆ చట్టాన్ని మార్మన్ చర్చి బహిరంగంగా సమర్థించింది. తన బోధన మార్చుకోలేదు, చట్టాన్ని సమర్థించింది.

స్వలింగ జంటల పెళ్లిళ్లకు కేకులు, వెబ్‌సైట్లు చేయబోమన్న వ్యాపారుల కేసులు 2018లోనూ 2023లోనూ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మాట నిజం. రెండింటిలోనూ గెలిచింది అభ్యంతరం చెప్పిన వ్యాపారులే.

ప్రశ్న: ఇన్ని తప్పులుంటే అవతలి పక్షం ఎందుకు బయటపెట్టలేదు? వాళ్ల దగ్గరా డబ్బుంది కదా?
– విశాఖపట్నం

జవాబు: డబ్బుకు కొదవ లేదు. రెండు పక్షాలూ కలిపి ఎనిమిది కోట్ల డాలర్లు దాటించాయి, సవరణను వ్యతిరేకించినవారే కాస్త ఎక్కువ పెట్టారు. పొరపాటు ఇంకోచోట జరిగింది.

బడి గురించి మాట్లాడితే ఆ భయాన్ని మనమే పెంచినట్టవుతుందని మొదట మౌనంగా ఉన్నారు. వాళ్ల ప్రకటనల్లో హక్కు, అన్యాయం, వివక్ష అన్న మాటలున్నాయి గానీ స్వలింగ జంటలు దాదాపు కనిపించవు. పాప ప్రకటన వారాల తరబడి తిరిగాక రాష్ట్ర విద్యాశాఖ అధిపతి జాక్ ఓ’కానెల్ తెరమీదికొచ్చి దీనికీ బడులకూ సంబంధం లేదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అప్పటికే లక్షల మంది తల్లిదండ్రులు నిర్ణయించుకున్నారు, ముందుగా ఓటేసినవాళ్లూ ఉన్నారు.

ఏడాది తిరక్కుండా మెయిన్ రాష్ట్రంలో ఇదే కథ నడిచింది. ప్రపోజిషన్ 8ను నడిపిన ఫ్రాంక్ షుబర్ట్‌నే అక్కడా పిలిచారు, మళ్లీ బడి భయమే. పోర్ట్‌లాండ్ క్యాథలిక్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) చర్చిల్లో ప్రత్యేకంగా కానుకలు కూడా సేకరించింది. 2009 నవంబరులో 53–47తో స్వలింగ వివాహ చట్టం రద్దయింది.

అదే మెయిన్‌లో 2012 నవంబరులో ఫలితం తిరగబడింది. మధ్యలో మూడేళ్లు కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, కరపత్రం ఇచ్చి పోకుండా, కూర్చుని మాట్లాడారు. స్వలింగ జంటలు పెళ్లెందుకు కోరుకుంటున్నారని అడిగితే చాలామంది ‘హక్కులు, సదుపాయాల కోసం’ అన్నారు. మీరెందుకు చేసుకున్నారంటే ‘ప్రేమ, జీవితాంతపు తోడు’ అన్నారు. ఈ తేడా సర్వేల్లో పట్టుకున్నాక ప్రచార భాష మారింది. హక్కుల మాట తగ్గించి, కలిసి బతుకుతామన్న మాట ముందుకు తెచ్చారు. బడి భయానికి ఈసారి అధికారి కాదు, తల్లిదండ్రులూ టీచర్లూ జవాబిచ్చారు: విలువలు నేర్పేది ఇంట్లో మేము. ఆ ఏడాది మేత్రాసనం కూడా రాజకీయ ప్రచారానికి దూరంగా ఉండి, సంఘ సభ్యులకు బోధనతో సరిపెట్టుకుంది.

ప్రశ్న: నేను క్యాథలిక్‌ని. మీ రాతలు చదివితే దేవుణ్ని నమ్మేవాళ్లంతా దోషులన్నట్టుంది. ఇది న్యాయమా?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: అమ్మా, మీరు అడగడం సబబే. పెళ్లి స్త్రీ పురుషుల మధ్య సంస్కారమని చర్చి బోధించడం భయపెట్టడం కాదు, అది దాని విశ్వాసం. సవరణకు ఓటేయమని చెప్పడమూ దాని హక్కే. మేం తప్పుపట్టేది, ఒప్పించలేనిచోట జరగనిదాన్ని జరుగుతుందని చెప్పి ఓట్లు తెచ్చుకోవడాన్ని.

అవతలివైపూ విశ్వాసులున్నారు. కాలిఫోర్నియాలోని ఆరుగురు ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ) బిషప్పులు కలిసి ప్రపోజిషన్ 8ను వ్యతిరేకించారు. పైన చెప్పిన ఆరు అనర్థాల కరపత్రానికి వాక్యం వాక్యంగా జవాబు రాసింది ఒక మార్మన్ న్యాయవాదే. సవరణ మీద తన అభిప్రాయం ఎలా ఉన్నా అబద్ధం చెప్పి గెలవకూడదన్నది ఆయన పట్టుదల. ఆ పని చేయడానికి సొంత సంఘంలో ఎంత ధైర్యం కావాలో మీకు తెలుసు.

ఓడినవాళ్లు కూడా అన్యాయం చేశారు. ఫలితం రాగానే నింద నల్లజాతి ఓటర్ల మీద పడింది. ఎగ్జిట్ పోల్ వాళ్లలో 70 శాతం సవరణకు వేశారంది. 2009 జనవరిలో వచ్చిన అధ్యయనం ఆ అంకె 58 శాతం దరిదాపుల్లో ఉంటుందనీ, తేడాకు ముఖ్య కారణం జాతి కాదు, ఎంత తరచుగా చర్చికి వెళ్తారన్నదేననీ చూపింది. 100 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి విరాళానికీ పేరు, ఉద్యోగం బహిరంగంగా ఉంటాయి కాబట్టి, ఆ జాబితా పట్టుకుని కొందరు చిన్న దాతల ఉపాధి మీదికి వెళ్లారు. దాన్ని మేం సమర్థించం.

ప్రశ్న: స్వలింగ వివాహం మీద మన సుప్రీంకోర్టులో నడిచిన కేసులోనూ ఇలాంటి వాదనలు వచ్చాయా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మతపెద్దల్ని అడిగి జవాబిచ్చిందని విన్నాను, నిజమేనా?
– లా విద్యార్థి, వరంగల్

జవాబు: నిజమే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే హైదరాబాద్ జంట 2022 నవంబరులో వేసిన పిటిషన్ పేరు మీదే ఆ కేసు నడిచింది. విచారణ సాగుతుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయని 2023 మేలో కోర్టుకు చెప్పింది. ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ వద్దన్నాయి, మిగతావి గడువు అడిగాయి. రాష్ట్రంలోని వివిధ మతపెద్దల్ని సంప్రదించి వ్యతిరేకిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ తెలిపింది.

చట్ట విద్యార్థిగా మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: పిటిషనర్లు ఏ చట్టం కింద అడిగారు? 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద. ఆ పెళ్లికి పూజారి, పాస్టరు, ఖాజీ ఎవరూ అక్కర్లేదు. వివాహ అధికారి దగ్గర నోటీసు, ముప్పై రోజుల గడువు, ముగ్గురు సాక్షులు, సంతకాలు. మతాచారాల చట్టాల జోలికి వెళ్లబోమని ధర్మాసనం మొదట్లోనే చెప్పింది. మతపెద్దలు చేయనక్కర్లేని పెళ్లి గురించి మతపెద్దల్ని మాత్రమే అడిగి రాష్ట్రం తరఫున అభిప్రాయం చెప్పడం మాకు సరిగా తోచలేదు. స్వలింగ జంటల్ని అడిగినట్టు ఆ జవాబులో లేదు.

మన దగ్గర ప్రజల ఓటింగ్ లేదు కాబట్టి భయం టీవీ ప్రకటనగా కాక అఫిడవిట్‌గా, తీర్మానంగా వచ్చింది. దేశంలో 99.9 శాతానికి పైగా జనం దీనికి వ్యతిరేకమని 2023 ఏప్రిల్‌లో భారత బార్ కౌన్సిల్ తీర్మానం చేసింది. ఆ అంకెకు సర్వే ఏదీ చూపలేదు. రక్తసంబంధీకుల పెళ్లిళ్లూ రేపు అడగరా అన్న వాదన కోర్టులోనే వచ్చింది. పిల్లల పెంపకం మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెబితే, ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ అధ్యయనాలు చూపి సమర్థించింది.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. సివిల్ యూనియన్ల గుర్తింపు మీద, దత్తత మీద 3–2గా చీలిపోయారు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో వీగిపోయాయి. ఇక మాట పార్లమెంటుది. అంటే రాబోయే చర్చ జనంలో జరుగుతుంది, పైన చెప్పిన ఎత్తులన్నీ మన భాషలో వింటాం.

ప్రశ్న: మా ప్రార్థనా బృందం వాట్సాప్‌లో ‘ఫలానా దేశంలో పాస్టర్ను జైల్లో పెట్టారు, రేపు మనకూ ఇదే’ అంటూ సందేశాలు వస్తుంటాయి. గొడవ పడకుండా ఎలా సరిచూసుకోవాలి, ఎలా జవాబివ్వాలి?
– సికింద్రాబాద్

జవాబు: ముందు ఊరు, దేశం, సంవత్సరం ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పంపినవారిని అవే అడగండి. ఉంటే ఆ ఘటనలో వాడింది ఏ చట్టమో వెతకండి. ఓషన్ గ్రోవ్ లాగా పేరుకు పెళ్లి, లోపల స్థలం షరతో లైసెన్సో అయి ఉండడం మామూలు. ఆ చట్టం మన దగ్గర ఉందా అన్నది తర్వాతి మెట్టు. బిల్లు గురించిన సందేశమైతే బిల్లు పాఠమే తెరిచి, భయపెట్టిన మాట (బడి, చర్చి, పన్ను) అందులో ఎక్కడైనా ఉందేమో వెతకండి. పార్లమెంటు బిల్లులు రెండు సభల వెబ్‌సైట్లలోనూ దొరుకుతాయి. చివరగా క్రియాపదాలు చూడండి. ‘చేస్తారు’, ‘నేర్పుతారు’ అని ఖాయంగా రాసినచోట ‘చేయొచ్చు’ అని పెట్టి చదివితే ఆధారం ఎంతుందో తేలిపోతుంది.

జవాబు గ్రూపులో ఇవ్వకండి. పదిమంది ముందు తప్పు చూపిస్తే పంపినవారు ఆ మాటకే కట్టుబడిపోతారు. విడిగా ఫోన్ చేయండి, వీలైతే కలవండి. ముందు వాళ్ల దిగులేమిటో అడిగి పూర్తిగా చెప్పనివ్వండి. పిల్లల గురించే అయితే దాన్ని తేలిగ్గా తీసేయకండి, అది ప్రేమలోంచి వచ్చిందే. మీ కుటుంబంలోనో పరిచయంలోనో ఉన్న మనిషి గురించి చెప్పండి, కానీ ఆ మనిషి అనుమతి లేకుండా పేరు చెప్పొద్దు. ఇది వాళ్ల ప్రాణాల మీదికి రావచ్చు. తర్వాత చట్టం గురించిన ఒక్క విషయం, ఒక్కటే, చెప్పండి.

మయామిలో ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్ వ్యక్తుల పట్ల వివక్ష మీద ఇలా పది నిమిషాలు మాట్లాడితే జనం వైఖరిలో వచ్చిన మార్పు కనీసం మూడు నెలలు నిలిచిందని 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అంతకుముందు స్వలింగ వివాహం మీద ఇలాంటిదే ఒక పరిశోధన పేరు తెచ్చుకుని, గణాంకాలు కల్పితమని తేలి 2015లో ఉపసంహరణకు గురైంది. ఇంటర్నెట్‌లో రెండూ కలిసి తిరుగుతున్నాయి కాబట్టి, ఎవరికైనా పంపేముందు సంవత్సరం చూసుకోండి.